గూట్లో అమృతాంజనం, గడప కింద గమాక్సిన్

మన గుంటూరు, ప్రకాశం వైపు ఏ పాత ఇంటికి వెళ్ళినా గోడ గూట్లో కొన్ని వస్తువులు తప్పకుండా కనిపిస్తాయి. పసుపుపచ్చ అమృతాంజనం సీసా, జిడ్డు పట్టిన ఆముదం సీసా, పటిక ముక్క, పొట్లంలో వాము, పాత డబ్బాలో కుంకుడుకాయలు. పెరట్లోకి వెళితే మూలన వేపపిండి బస్తా, పైన చూరులో పిల్లలకి అందకుండా దోపిన మైలుతుత్తం పొట్లం. వీటికి ఎవరూ గ్యారంటీ కార్డు ఇవ్వలేదు. అమ్మ వాడింది, అత్తగారు వాడింది, మనమూ వాడుతున్నాం.

ఈమధ్య నలుగురు ఆడవాళ్ళం కూర్చుంటే "పాతవే నయం, అవి ఎన్నడూ మోసం చెయ్యవు" అనే మాట తరచుగా వస్తోంది. నాకు ఆ మాట సగమే నచ్చుతుంది. ఎందుకంటే మా అమ్మ తరం కళ్ళు మూసుకుని నమ్మిన వస్తువుల్లో గమాక్సిన్ పొడి కూడా ఉంది. గడప కింద చీమలకి అదే, మంచం కోళ్ళ దగ్గర నల్లులకి అదే, బియ్యం బస్తాల కింద పురుగుకి అదే. అదీ పాతదే, అదీ చెప్పిన పని చెప్పినట్టు చేసేదే. కాబట్టి ఒక్కొక్క వస్తువూ ఎక్కడినుంచి మనింటికి వచ్చింది, ఎందుకు నమ్మాం, ఆ నమ్మకం చివరికి ఏమైంది అని చూడాలనిపించింది. నేను చదివింది తెలుగు బి.ఏ. మాత్రమే, సైన్సు కాదు. అందుకే తెలిసినంత మేరకే చెబుతాను.

ముందు అమృతాంజనం. దాన్ని తయారుచేసిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిది కృష్ణా జిల్లా ఎలకుర్రు. 1893లో బొంబాయిలో ఈ నొప్పుల మందు మొదలుపెట్టారు. కొత్తల్లో ఎవరూ కొనకపోతే సంగీత సభల్లో ఊరికే పంచిపెట్టేవారని చెబుతారు. తలనొప్పి ఉన్నవాడికి ఊరికే ఇచ్చిన మందు పనిచేస్తే రెండోసారి వాడే వెతుక్కుంటూ వస్తాడు కదా. కర్పూరం, పుదీనా పువ్వు, నీలగిరి తైలంలాంటి, మన వాళ్ళ ముక్కుకి ముందే పరిచయమున్న ఘాటైన వాసనలు అందులో ఉన్నాయి. బహుశా అందుకే పరాయి మందు అనిపించలేదు.

డిగ్రీలో మాకు ఆంధ్రపత్రిక, భారతి పేర్లు పాఠాల్లో వచ్చేవి. పరీక్షకోసం సంవత్సరాలు బట్టీపట్టాం: ఆంధ్రపత్రిక వారపత్రికగా బొంబాయిలో 1908, దినపత్రికగా మద్రాసులో 1914, భారతి 1924. కానీ ఈ పత్రికల వెనక ఉన్న డబ్బు ఎక్కడిదో ఆ పాఠంలో ఎవరూ చెప్పలేదు. అది మన గూట్లో ఉన్న ఆ చిన్న సీసాలోది! మన అమ్మమ్మలు నుదుటికి రాసుకున్న మందు డబ్బుతో తెలుగు కవులు, పరిశోధకులు రాసినవి అచ్చయ్యాయి. ఆంధ్ర గ్రంథమాల పేరుతో పాత పుస్తకాలు మళ్ళీ వెలుగు చూశాయి. 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని శ్రీబాగ్ ఒడంబడిక చేసుకున్నది కూడా మద్రాసులో ఆయన ఇంట్లోనే. శ్రీబాగ్ అనేది ఆ ఇంటి పేరు. మరుసటేడే, 1938లో పంతులుగారు పోయారు. సీసా మాత్రం ఉంది.

రెండో కథ మరీ మనది. ఒంగోలు దగ్గర ఇనమనమెళ్ళూరు అనే ఊళ్ళో పుట్టి, చిన్నతనంలోనే పొట్ట చేతపట్టుకుని మద్రాసు చేరిన డాక్టర్ కె.ఎన్. కేసరిగారి కథ. ఆయన పుట్టేనాటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. తర్వాత గుంటూరు జిల్లాకి వచ్చింది, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడ్డాక దానికి ముఖ్యపట్టణమైంది. కేసరిగారు ఆయుర్వేదం నేర్చి కేసరి కుటీరం అనే మందుల సంస్థ పెట్టారు. దానికి పేరు తెచ్చింది లోధ్ర. పెద్దవాళ్ళు "లోద్ర" అనేవాళ్ళు. లొద్దుగ చెట్టుకి సంస్కృతంలో ఉన్న పేరు అది. ఆ చెట్టు బెరడుని ఆడవాళ్ళ రుతు బాధలకి వాడటం ఆయుర్వేదంలో ఎప్పటినుంచో ఉంది.

దీన్ని ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, ఆ రోజుల్లో ఇలాంటి బాధ ఉందని ఆడది నోరు విప్పి మగ డాక్టరుకి చెప్పే పరిస్థితి లేదు. ఆడ డాక్టరు ఏ పట్నంలోనో ఉంటే గొప్ప. అలాంటప్పుడు ఎవరికీ చెప్పకుండా పోస్టులో తెప్పించుకోగల సీసా ఎంత పెద్ద ఊరట! మందు ఎంతవరకు పనిచేసిందో నేను తీర్పు చెప్పను. "నీకున్న బాధకి ఒక పేరుంది, మందు కూడా ఉంది" అని చెప్పినదాన్ని ఆడవాళ్ళు నమ్మడంలో మాత్రం వింతేమీ లేదు.

కేసరిగారు అక్కడితో ఆగలేదు. 1928లో గృహలక్ష్మి అని ఆడవాళ్ళకోసం మాసపత్రిక పెట్టారు. 1934 నుంచి గృహలక్ష్మి స్వర్ణకంకణం పేరుతో రచయిత్రులని సన్మానించడం మొదలుపెట్టారు. మొదటి కంకణం అందుకున్నది మన బాపట్ల కనుపర్తి వరలక్ష్మమ్మగారు. ఆవిడ 'శారద లేఖలు' వచ్చింది ఆ గృహలక్ష్మిలోనే. స్నేహితురాలికి ఉత్తరం రాసినట్టు, చదువు, చట్టాలు, ఆచారాలు, ఊళ్ళో విశేషాలు అన్నీ అందులో మాట్లాడేవారు. ఇవాళ మనం ఇంటి కబుర్లు రాసుకుంటున్నామే, ఆ దారి వేసినవాళ్ళలో ఆవిడ ఒకరు. ఒంగోలు కుర్రాడు అమ్మిన ఆడవాళ్ళ మందు బాపట్ల ఇల్లాలి చేతికి బంగారు కంకణం తొడిగిందన్నమాట. ఇది తెలిసిన రోజున నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

సరే, సీసాలు దాటి వంటింట్లోకి వద్దాం. ఇక్కడున్నవాటికి కంపెనీ లేదు, పేరు లేదు, పుట్టిన తేదీ లేదు. కందులు ఇంటికి రాగానే మా అత్తగారు చేసే పనులు నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటాయి. కొన్నింటికి ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టేది. పప్పు విరిచినవాటికి అరచేతిలో ఆముదం వేసుకుని, చేటలో పోసి, గింజ గింజకీ అంటేలా పిసికేది. "గింజ మెరవాలి అమ్మాయ్, కారకూడదు" అనేది. కిలోకి చెంచాడు మించి పట్టదు. పప్పుపురుగు గింజమీద గుడ్డు పెడుతుంది. నూనె పొర ఉంటే గుడ్డు సరిగ్గా అంటుకోదు, అంటుకున్నా గాలాడక లోపలే చచ్చిపోతుంది. ఎర్రమన్ను పనిచేసేది వేరే రకంగా. సన్నటి మట్టి పురుగు ఒంటిమీది మైనపు పొరని గీరి, తడిని పీల్చేస్తుంది, పురుగు ఎండిపోతుంది. ఈ సంగతులు తర్వాత శాస్త్రవేత్తలు పరీక్షించి సరేనన్నారు. అత్తయ్యకి ఆ కారణాలతో పనిలేదు. సంక్రాంతికి పోసిన పప్పు వినాయక చవితికి కూడా పురుగు లేకుండా ఉంటే చాలు.

మైలుతుత్తం సంగతి కూడా రెండు ముక్కలు చెప్పాలి. తమలపాకు తోటలున్న పొన్నూరు వైపు వాళ్ళకీ, నిమ్మ చెట్లున్నవాళ్ళకీ బోర్డో మిశ్రమం బాగా తెలుసు. మైలుతుత్తం, సున్నం, నీళ్ళు, అంతే. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతంలో ద్రాక్షతోటల వాళ్ళు దారిపక్క తీగలమీద దొంగలు చెయ్యి వెయ్యకుండా, చూస్తే అసహ్యం పుట్టేలా, ఈ నీలి నీళ్ళు చల్లేవాళ్ళట. తోటంతా బూజు తెగులు పట్టినా ఆ దారిపక్క తీగలు పచ్చగా ఉండటం మిలార్డే అనే ప్రొఫెసరు కంటపడింది. ఆయన పరిశోధన చేసి 1885లో ప్రకటించాడు. దొంగలకోసం చల్లింది తెగులుకి మందయింది! నూట నలభై ఏళ్ళయినా ఇంకా వాడుతున్నాం.

పెరట్లో నిమ్మకీ, ఆకుకుళ్ళు పట్టిన తమలపాకు తీగకీ కావాలంటే వంద గ్రాముల మైలుతుత్తం ఐదు లీటర్ల నీళ్ళలో, వంద గ్రాముల సున్నం ఇంకో ఐదు లీటర్లలో విడివిడిగా కరిగించి, రెండూ ఒకేసారి మూడో ప్లాస్టిక్ తొట్టిలోకి పొయ్యాలి. ఇనుప పాత్ర పనికిరాదు. మిశ్రమంలో ఇనుప చాకు ముంచి తీస్తే ఎర్రగా రాగి పూత పట్టిందా, ఇంకొంచెం సున్నం కలపాలి. పట్టలేదా, సరిపోయింది. కలిపిన రోజే చల్లెయ్యాలి. చల్లిన ఆకు వెంటనే తినకూడదని వేరే చెప్పక్కర్లేదు కదా.

ఇక గమాక్సిన్.

ఆ పదార్థాన్ని మొదట తయారుచేసింది 1825లో మైకేల్ ఫారడే. కరెంటు పాఠంలో మన పిల్లలు చదివే ఆ ఫారడేనే. అప్పటికి అది ఒట్టి ప్రయోగశాల వస్తువు. రెండో ప్రపంచయుద్ధం నాటికిగానీ అది పురుగుల్ని చంపుతుందని ఇంగ్లండులో గుర్తించలేదు. అందులో చాలా రకాల అణువులు కలిసి ఉంటాయి. పురుగుని చంపేది గామా అనే ఒక్క రకమే, అది నూటికి పది పదిహేను పాళ్ళు. ఆ గామాలోంచే గమాక్సిన్ పేరు పుట్టింది. మిగతా ఎనభై అయిదు పాళ్ళూ దేనికీ పనికిరాని చెత్త, కానీ డబ్బాలో అదీ ఉంటుంది. బి.హెచ్.సి. అన్నా ఇదే. మన దేశంలో దీని తయారీ 1952లో కలకత్తా దగ్గర మొదలైంది.

మన పెద్దవాళ్ళు దీన్ని ఎందుకు నమ్మారో అర్థం చేసుకోవాలంటే మలేరియా గుర్తు చేసుకోవాలి. స్వాతంత్య్రం వచ్చేనాటికి దేశంలో ఏడాదికి ఏడున్నర కోట్లమందికి మలేరియా వచ్చేదని, ఎనిమిది లక్షలమంది పోయేవారని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఖాకీ బట్టలవాళ్ళు పంపు భుజాన వేసుకుని ఇంటింటికీ వచ్చి గోడలకి డి.డి.టి. కొట్టి, తలుపు పక్కన తేదీ రాసి వెళ్ళేవాళ్ళు. బి.హెచ్.సి. కూడా ఆ పనికి వాడారు. 1960ల మధ్యకి కేసులు ఏడాదికి లక్షకి దిగాయి. తన పిల్లల్ని చలిజ్వరం ఎత్తుకుపోకుండా ఆపిన తెల్ల పొడిని తల్లి ఎందుకు నమ్మదు? ప్రభుత్వమే వచ్చి చల్లింది, చల్లాక జ్వరాలు తగ్గాయి, దోమలతోపాటు నల్లులూ పోయాయి. అది తెలివితక్కువ నమ్మకం కాదు. కళ్ళెదుట కనిపించిన ఫలితం.

అలా గోడమీదకి వచ్చిన పొడి నెమ్మదిగా గడప దిగి, వంటింట్లోకి, ధాన్యం కొట్లోకి వచ్చింది. కొందరు ఆడపిల్లల తలలో పేలకి కూడా రాసేవాళ్ళు. అందులో ఆశ్చర్యమేముంది, మందుల షాపుల్లో పేలకీ గజ్జికీ డాక్టర్లు రాసిచ్చిన లోషన్‌లో ఉన్నదీ ఆ గామా రకమే. పెరట్లో బీరపాదు మీద బూడిద చల్లే చోట ఈ పొడి చల్లారు. చేలో దుమ్ముమందుగా సంచులకొద్దీ చల్లారు.

దాని అసలు గుణం తర్వాత బయటపడింది. అది తొందరగా నశించదు. మట్టిలోంచి గడ్డికి, గడ్డిలోంచి గేదెకి, పాలలోంచి మనకి వస్తుంది, వచ్చి కొవ్వులో కూర్చుంటుంది. పనికిరాని చెత్త అన్నానే, అందులో బీటా అనే రకం అన్నిటికంటే మొండిది. మన దేశంలో చేసిన పరిశీలనల్లో పాడి పాలల్లో, వెన్నలో, చివరికి తల్లిపాలల్లో కూడా దీని అవశేషాలు కనబడ్డాయి. బిడ్డకి దోమ కుట్టకూడదని గోడకి కొట్టించుకున్న తల్లి, తన పాలతోనే దాన్ని బిడ్డకి పట్టింది. ఇందులో ఆ తల్లి తప్పేమీ లేదు. ఆమెకి ఎవరూ చెప్పలేదు. 1997లో మన దేశంలో బి.హెచ్.సి.ని నిషేధించారు. దానిలోని గామా రకాన్ని విడిగా తీసి లిండేన్ పేరుతో అమ్మేవారు. దాని వాడకం ఆగడానికి 2013 దాకా పట్టింది. డబ్బా మీద ఏ పేరు రాసి ఉన్నా షాపులో "గమాక్సిన్ ఇవ్వు" అని అడిగే అలవాటు మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం పోలేదు.

ఇల్లు ఇలా ఉంటే చేను ఇంకోలా ఉంది. నాగార్జునసాగర్ నీళ్ళొచ్చాక, 1970లలో హైబ్రిడ్ పత్తి వచ్చాక మన నల్లరేగడి పొలాల్లో పత్తి విపరీతంగా పెరిగింది. దానితోపాటే మందులు. ఎండ్రిన్ అనే మాట అప్పటి తెలుగులో ఎలా కలిసిపోయిందంటే, ఏ పురుగుమందు తాగినా "ఎండ్రిన్ తాగాడంట" అనేవాళ్ళు. కథల్లో, సినిమాల్లో కూడా ఆ మాటే. ఒక భాషలోకి ఒక మందు పేరు చావుకి మారుపేరుగా రావడం మీద తెలుగువాళ్ళు ఎవరైనా పరిశోధన చేశారో లేదో గానీ, చెయ్యదగ్గ విషయమే.

ఆ డబ్బాలు ఇంటికి రావడం అసలు ప్రమాదం. ఖాళీ అయిన మందు డబ్బా గట్టిది, మూత బిగుతుగా పడుతుంది, ఊరికే వచ్చింది. పారెయ్యడానికి ఏ ఇల్లాలికి చేతులొస్తాయి? బూడిదతో తోమి, వేడినీళ్ళతో కడిగి, ఉప్పో, కిరసనాయిలో, కొందరు నూనో పోసుకున్నారు. 1958లో కేరళలో పారాథియాన్ అనే పురుగుమందు రవాణాలో గోధుమపిండిమీద ఒలికి, ఆ పిండి తిన్నవాళ్ళు వందమందికి పైగా చనిపోయారు. ఆ దుర్ఘటన తర్వాతే 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది. డబ్బామీద ఇప్పుడు కనిపించే రంగుల గుర్తు ఆ చట్టం కింద వచ్చిందే. నిలువుగా ఉన్న చతురస్రంలో కింది సగం ఎరుపైతే అతి ప్రమాదకరం, తర్వాత పసుపు, తర్వాత నీలం, ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువ. చదువు రానివాళ్ళకి కూడా అర్థం కావాలని పెట్టింది అది. పెరటి మొక్కలకి మందు కొనేటప్పుడు మనలో ఎంతమంది దాన్ని చూస్తున్నాం? ఆకుపచ్చ అన్నా విషం లేదని కాదు, తక్కువని మాత్రమే అర్థం.

1980లలో సింథటిక్ పైరిత్రాయిడ్లని కొత్త మందులు వచ్చాయి. మొదటి ఏడాది కాయతొలిచే పురుగు రాలి పడుతుంటే రైతులు పండగ చేసుకున్నారు. అందరూ అవే కొట్టారు, మళ్ళీ మళ్ళీ కొట్టారు. పురుగు అలవాటు పడింది. పురుగుని తినే సాలీళ్ళు, అల్లికరెక్క పురుగులు పోయాయి. అప్పుడు తెల్లదోమ విజృంభించింది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి మొత్తం పోయింది. అప్పులు తీర్చలేక రైతులు ప్రాణాలు తీసుకున్నారు. చాలామంది తాగింది పురుగుని చంపలేకపోయిన ఆ మందే. మా మేనమామకి ఆ ఏడు ఆరెకరాల పత్తి. మందుల షాపాయన అరువు ఇస్తూనే ఉన్నాడు, ఇది కాకపోతే అది అని డబ్బా మారుస్తూనే ఉన్నాడు. మామయ్య బతికిపోయాడు. రెండెకరాలు, అత్తయ్య మెడలో గొలుసు మాత్రం బతకలేదు. తర్వాత ఆవిడ చాలా ఏళ్ళు మిరప కోతలకి కూలికి వెళ్ళింది. మందు కొట్టిన మర్నాడే చేలోకి దిగాల్సి వచ్చేదని, సాయంత్రానికి కళ్ళు మంటలని, చేతులకి కొబ్బరినూనె రాసుకుంటూ చెప్పేది. పత్తి నష్టం లెక్కల్లో రైతు పేరు ఉంటుంది. ఆడమనిషి కళ్ళ మంట ఏ లెక్కలోనూ ఉండదు.

ఇంతదాకా వేప గురించి చెప్పకుండా దాచుకున్నాను. ఎందుకంటే వేప కథ ఇక్కడినుంచే బాగుంటుంది.

బియ్యంలో వేపాకు, బట్టల పెట్టెలో వేపాకు, ఆటలమ్మ పోసిన పిల్ల పక్కన వేపమండ, పెరటికి వేపపిండి. ఇవి మనకి కొత్త కాదు. మందుల హోరులో వేప చిన్నబోయింది, "అదేం మందు, కొడితే పురుగు చావదు కదా" అన్నారు. నిజమే, చావదు, అప్పటికప్పుడు చావదు. 1962లో ఢిల్లీలో వ్యవసాయ శాస్త్రవేత్త ప్రధాన్ వేపగింజల ద్రావణం చల్లిన పైరుని మిడతలు ముట్టుకోలేదని చూపించారు. 1968లో ఆ గుణానికి మూలమైన అజాడిరాక్టిన్‌ని ఇంగ్లండులో వేరుచేశారు. అది పురుగు తిండి మాన్పిస్తుంది, గుడ్లు పెట్టనివ్వదు, పురుగు కుబుసం విడిచి పెద్దదవడాన్ని అడ్డుకుంటుంది. నెమ్మదైన పని. ఎండకి రెండు మూడు రోజుల్లోనే విరిగిపోతుంది కూడా. మందుల షాపు లెక్కలో అది లోపం. గమాక్సిన్ కథ చూశాక నాకు అదే దాని గొప్ప గుణం అనిపిస్తుంది. పనిచేసి వెళ్ళిపోతుంది, పాలలోకి రాదు.

తమాషా ఏమిటంటే, మనం చిన్నచూపు చూస్తున్న సమయంలోనే 1994లో ఒక అమెరికన్ కంపెనీకీ, ఆ దేశ వ్యవసాయ శాఖకీ కలిపి వేపనూనెతో మొక్కల తెగుళ్ళు ఆపే పద్ధతిమీద యూరప్‌లో పేటెంటు ఇచ్చారు. వందనా శివ, ఇంకొందరు పర్యావరణ ఉద్యమకారులు దానిమీద పోరాడారు. ఇది భారతదేశంలో ముందునుంచీ తెలిసినదే అని సాక్ష్యం చూపించారు. 2000లో ఆ పేటెంటు రద్దయింది. కంపెనీ అప్పీలు చేసుకుంటే 2005లో అదీ పోయింది. మన నాయనమ్మల వాడకం యూరప్ కచేరీలో సాక్ష్యంగా నిలబడిందని తలుచుకుంటే నాకు నవ్వూ గర్వమూ రెండూ వస్తాయి.

ఇటు తెలంగాణలో, ఖమ్మం వైపు పునుకుల అనే పత్తి పండించే ఊరు 2003లో రసాయన పురుగుమందులు మానేశామని ప్రకటించింది. అక్కడ పట్టుబట్టినవాళ్ళలో ముందున్నది మహిళా సంఘాలవాళ్ళే. మరుసటేడు నుంచి ఉమ్మడి రాష్ట్రంలో పొదుపు సంఘాల ద్వారానే ఈ పద్ధతిని ఊరూరికీ తీసుకెళ్ళారు. 2016 నుంచి మన రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం పేరుతో నడుస్తున్నదీ ఆ దారిలోనే. అగ్నిఅస్త్రం అని వాళ్ళు కాచే కషాయంలో పచ్చిమిర్చి, వెల్లుల్లి, పొగాకు, వేపాకు. చూశారా, గుంటూరు, ఒంగోలు సరుకంతా ఒక్క కుండలో!

2021లో మిరపతోటల్లోకి నల్లతామర పురుగు కొత్తగా దిగి, పువ్వులోనే దూరి పంటని ఎండబెట్టినప్పుడు ఎంత ఖరీదైన మందు కొట్టినా లొంగలేదు. అప్పుడు శాస్త్రవేత్తలు చెప్పినవాటిలో నీలిరంగు జిగురు అట్టలతోపాటు వేపనూనె కూడా ఉంది. అంతపెద్ద ఉపద్రవాన్ని వేప ఒక్కటే ఆపేసిందని మాత్రం నేననను. అలా అంటే గమాక్సిన్‌ని నమ్మినట్టే వేపనీ నమ్మమని చెప్పినట్టవుతుంది.

ఆ మాటకొస్తే పాతవాటిలో కూడా హద్దు తెలియాలి. వేపనూనె పసిపిల్లలకి లోపలికి పట్టకూడదు. అలా పట్టి పిల్లలు ఫిట్స్ వచ్చి ప్రాణాలమీదకి తెచ్చుకున్న సంఘటనలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఆముదం నెలల బిడ్డకి గొంతులో పొయ్యవద్దని పిల్లల డాక్టర్లు మొత్తుకుంటూనే ఉన్నారు. కర్పూరం ఉన్న బామ్‌లు రెండేళ్ళలోపు పిల్లల ముక్కు దగ్గర రాయకూడదు. మైలుతుత్తం సంగతి సరేసరి. కుంకుడు రసం కళ్ళలో పడితే ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. ఆ విషయంలో మా అమ్మకి ఇప్పటికీ జాలి లేదు.

వేపగింజల పని చెప్పి ముగిస్తాను, ఎందుకంటే ఇది రోజులమీద ఆధారపడిన పని. మన వైపు పళ్ళు జూన్, జూలై నెలల్లో రాలతాయి. పసుపుపచ్చగా పండి రాలినవే ఏరాలి. గుజ్జు పిసికి కడిగి, నీడలో గాలి తగిలేలా ఆరబెట్టాలి, ఎండలో వద్దు. ప్లాస్టిక్ సంచిలో కడితే బూజు పడుతుంది, గోనెసంచి గానీ గుడ్డసంచి గానీ మంచిది. ఏడాదిలోపే వాడెయ్యాలి, పాతబడితే చేవ తగ్గుతుంది. వాడేటప్పుడు పెంకు తీసి పప్పుని కచ్చాపచ్చాగా దంచి, యాభై గ్రాములు లీటరు నీళ్ళలో గుడ్డ మూటకట్టి రాత్రంతా నానబెట్టండి. పొద్దున పిండి, వడగట్టి, ఆకుకి అంటుకోవడానికి చిటికెడు సబ్బు పొడి కలిపి, సాయంత్రం ఎండ తగ్గాక ఆకుల అడుగున కూడా తగిలేలా కొట్టండి. బెండకి పచ్చదోమకి, వంగకి, మందారం మీద పిండినల్లికి మొదట్లోనే కొడితే బాగా పనిచేస్తుంది. వారం తర్వాత మళ్ళీ కొట్టాలి. దంచిన రోలు మాత్రం పచ్చడికి వాడేది కాకుండా వేరేది పెట్టుకోండి, ఎంత కడిగినా ఆ చేదు వదలదు.